నిజమైనదా, బొమ్మా?

భువనేశ్వర్‌లోని ప్రకృతి చరిత్ర మ్యూజియంలో తిమింగలం అస్థిపంజరం ముందు నిలబడగానే మా చెల్లెలి కొడుకు నా చొక్కా పట్టుకుని లాగాడు. "మావయ్యా, ఇది నిజమైనదా, బొమ్మా?" నిజమైనదే అన్నాను. సరేనన్నట్టు తలూపాడు. కాస్త ముందుకెళ్ళాక అద్దం వెనక నిలబెట్టిన జంతువు దగ్గర మళ్ళీ అదే ప్రశ్న. "నిజమైనదే... అంటే, తోలు నిజమైనది" అని నసిగాను. "మరి లోపల?" లోపల బొమ్మేరా అన్నాను. "కళ్ళు?" గాజువి. వాడు కాసేపు లెక్కేసుకుని "అయితే సగం అబద్ధం" అని తేల్చేశాడు. వాడికి ఎనిమిదేళ్ళు.

రైల్లో వైజాగ్ వచ్చేస్తున్నంతసేపూ ఆ మాట నన్ను వదల్లేదు. పిల్లల్ని వెంటేసుకుని ఇలాంటి చోట్లకి వెళ్ళే పెద్దవాళ్ళలో చాలామందికి, నాతో సహా, అక్కడ ఏది అసలు, ఏది నమూనా, ఏది ఊహ అన్నది తెలీదు. తెలీదు కాబట్టి "అదిగో పులి, ఇదిగో మొసలి" అంటూ గంటలో అంతా చుట్టేసి, సెల్ఫీ దిగి, టిఫిన్ ఎక్కడ దొరుకుతుందా అని చూస్తాం. టికెట్ డబ్బుల సంగతి సరే, పిల్లవాడి ప్రశ్న వృథా అయిపోతుంది.

మన ఊళ్ళో మ్యూజియాలకి కొరతేం లేదు. ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ ఉంది. 1969లో నౌకాదళంలో చేరి 2001లో రిటైరైతే, మరుసటి ఏడాదే ఒడ్డుకి చేర్చి మ్యూజియం చేశారు. ఆ దగ్గర్లోనే టీయూ-142 విమానం. బీచ్ రోడ్డులోనే విశాఖ మ్యూజియం. వీటిలో నిజమా, బొమ్మా అన్న గొడవే రాదు. సబ్‌మెరైన్‌లో వంగి నడుస్తుంటే నెత్తికి తగిలేది అసలు ఇనుమే. ఇటు జూకి వెళ్తే పులి కనబడకముందే వాసన తెలుస్తుంది. ప్రకృతి చరిత్ర మ్యూజియం ఈ రెండింటికీ మధ్యలో పడ్డ సరుకు. జూలో ఉన్నట్టు అక్కడ ప్రాణం ఉండదు. అలాగని సబ్‌మెరైన్‌లా ఉన్నదున్నట్టు లాక్కొచ్చి పెట్టే వీలూ లేదు. చచ్చిన జీవి నాలుగు రోజులు ఆగదు కదా.

పేరు దగ్గరే ఒక చిక్కుంది. హిస్టరీ అనే మాట గ్రీకులో పుట్టినప్పుడు దానికి అర్థం విచారణ, ఆరా తీయడం. ప్రకృతి గురించి ఆరా తీసి, చూసింది చూసినట్టు రాసిపెట్టే పని నేచురల్ హిస్టరీ. మనం దాన్ని 'చరిత్ర' అనేసరికి రాజులూ శాసనాలూ గుర్తొచ్చి, పాతవన్నీ పోగేసిన చోటు కాబోలు అనుకుంటాం. 'ప్రకృతి ఆరా' అంటే బాగుండేది గానీ, ఇప్పుడు మార్చమంటే ఎవరు వింటారు.

కేంద్ర పర్యావరణ శాఖ కింద ఇలాంటి జాతీయ మ్యూజియం ఢిల్లీలో 1978 జూన్ 5న మొదలైంది. 2016 ఏప్రిల్ 26 తెల్లవారుజామున అగ్నిప్రమాదంలో కాలిపోయింది. దాని ప్రాంతీయ శాఖలు మైసూరులో 1995లో, భోపాల్‌లో 1997లో, భువనేశ్వర్‌లో 2004లో, సవాయి మాధోపూర్‌లో 2014లో వచ్చాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఈ శాఖ ఒక్కటీ లేదు. మనకి దగ్గరిది భువనేశ్వరే, రైల్లో సుమారు 440 కిలోమీటర్లు. తిమింగలం కాక అక్కడ తప్పక చూడాల్సింది ఏనుగు పక్షి గుడ్డు. మడగాస్కర్‌లో ఉండి ఎప్పుడో అంతరించిపోయిన, ఎగరలేని భారీ పక్షి అది. ఆ గుడ్డు ముందు కోడిగుడ్డు గోళీకాయలా అనిపిస్తుంది. సోమవారాలు సెలవు, కాబట్టి ఆదివారం రాత్రి రైలెక్కకండి.

ఇక పిల్లవాడి ప్రశ్నకి వద్దాం. అద్దం వెనక ఉన్నవాటిలో నిజం పాళ్ళు రకరకాలు. అస్థిపంజరంలో ఎముక అసలుదే, కట్టిపట్టిన ఇనుపకమ్మీ మాత్రం మనది. తోలుతో నిలబెట్టిన జంతువుల పద్ధతి వేరు. తోలు ఒలిచి, శుద్ధి చేసి, ఆ జంతువు కొలతలకి తగ్గట్టు చేసిన అచ్చు మీద తొడుగుతారు. అంటే కండ, ఎముక చాలావరకు పోయి పైతొడుగే మిగులుతుంది. పాతకాలంలో పురుగు పట్టకుండా తోలుకి పాషాణం (ఆర్సెనిక్ అనే విషం) కలిపిన సబ్బు రాసేవారు. పాత నమూనాల్ని ముట్టుకోవద్దనడానికి అదీ ఒక కారణం. బోర్డు మీద 'తాకరాదు' అని మాత్రం రాసి ఊరుకుంటారు గానీ, "విషం రాసి ఉండొచ్చు" అంటే పిల్లలు ఎంత భయభక్తులతో నిలబడతారో.

సీసాల్లో ఉండేవి మూడో రకం. ఇంటర్‌లో బైపీసీ చదివినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. జువాలజీ ల్యాబ్‌లో బీరువా తెరవగానే ముక్కు మండించే ఫార్మలిన్, సీసాలో చుట్టచుట్టుకుని తెల్లబారిపోయిన పాము, దాని పక్కన రికార్డులో బొమ్మ వేస్తున్న మనం. సీసాలో ఆకారం, లోపలి అవయవాలు నిలుస్తాయి, రంగు మాత్రం పోతుంది. అందుకే సీసాలో పాముని చూసి బయట పాముని గుర్తుపడదామనుకుంటే కుదరదు.

నాలుగోది శిలాజం, అందులో ఇంకో మెలిక. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టిన కోటాసారస్ డైనోసార్‌ని చూసే ఉంటారు. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికింది కాబట్టి దాని పూర్తి శాస్త్రీయ నామంలో ఊరి పేరు కూడా ఉంది, కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. ఆ ఎముకలు ఒక్క జంతువువి కావు. కనీసం పన్నెండు జంతువుల ఎముకలు కలగలిసి దొరికాయి. తల మాత్రం దొరకలేదు. అంటే ఆ పొడవాటి మెడ చివర మనకి కనిపించే తల, దాని చుట్టాలైన ఇతర డైనోసార్లని బట్టి వేసుకున్న అంచనా. ఇది మోసం కాదు, కానీ చూసేవాడికి చెప్పాలి. నేనైతే తల దగ్గరే పిల్లల్ని ఆపుతాను. "ఒరేయ్, ఇందులో ఒక్కటి దొరకలేదు, ఏంటో కనుక్కో" అంటే అరగంట కదలరు.

మరి సగం అబద్ధమే అయితే ఇదంతా ఎందుకు దాచడం? జవాబు జంతువులో ఉండదు, దానికి కట్టిన చీటీలో ఉంటుంది.

ఏ నమూనాకైనా మ్యూజియంలో ఒక చీటీ ఉంటుంది. ఎక్కడ దొరికింది, ఏ రోజు, ఎవరు తెచ్చారు. పక్షి అయితే కాలికి దారంతో కడతారు. అద్దాల వెనక మనం చూసేది మ్యూజియంలో పిసరంతే. పెద్ద మ్యూజియాల్లో అసలు సంపద లోపలి సొరుగుల్లో ఉంటుంది. దూది కూరి వెల్లకిలా పడుకోబెట్టిన పిట్టలు, పిన్ను గుచ్చిన పురుగులు, అట్టకి అంటించిన ఎండు మొక్కలు, ప్రతిదానికీ చీటీ. చీటీ ఊడిపోయిందంటే ఆ పిట్ట ఇంట్లో షోకేసు బొమ్మతో సమానం. చీటీ ఉంటే సాక్ష్యం.

దీనికి మన రాష్ట్రంలోనే గొప్ప ఉదాహరణ కలివి కోడి. జెర్డాన్ అనే డాక్టరు 1848 ప్రాంతంలో లోకానికి చూపించిన పక్షి. 1900 తర్వాత ఎవరికీ కనిపించకపోతే అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా సిద్దవటం దగ్గర ఐతన్న అనే స్థానికుడు రాత్రిపూట లైటు వెలుగులో దాన్ని పట్టుకున్నాడు. శాస్త్రవేత్తలు ఎన్నాళ్ళుగానో వెతుకుతున్న పిట్ట, అక్కడివాళ్ళకి తెలిసిన పిట్టే. ఆ తర్వాత లంకమల అడవిని అభయారణ్యం చేశారు. ఇంతకీ దాని గుడ్డు ఎలా ఉంటుందో చాలాకాలం ఎవరికీ తెలీదు. స్కాట్లాండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఒక గుడ్డు బయటపడింది. కోలార్ బంగారు గనుల దగ్గర పనిచేసిన పశువైద్యుడు 1917లో సేకరించింది. ఇంగ్లండ్ మ్యూజియంలో ఉన్న పాత కలివి కోడి నమూనా కాలి నుంచి రవ్వంత చర్మం తీసి, గుడ్డు డీఎన్ఏతో పోల్చారు. రెండూ ఒకటే అని 2013లో తేలింది. డీఎన్ఏతో ఇలా పోల్చి చూడొచ్చని 1917 నాటి మనిషికి ఊహ కూడా ఉండదు. జాగ్రత్తగా దాచి ఊరుకున్నాడంతే.

ఇంకొకటి. బ్రిటన్‌లో పెరిగ్రిన్ డేగలు తగ్గిపోతుంటే ఎందుకో మొదట్లో అర్థం కాలేదు. గూళ్ళలో గుడ్లు పగిలిపోతున్నాయి. రాట్‌క్లిఫ్ అనే శాస్త్రవేత్త పాత సేకరణల్లోని గుడ్ల పెంకుల్ని, కొత్త వాటినీ కొలిచి పోల్చి, 1940ల చివరి నుంచి పెంకు పలచబడిందని 1967లో చూపించాడు. ఆ ఏళ్ళు డీడీటీ అనే పురుగుమందు వాడకం పెరిగిన ఏళ్ళు. ప్రతి పెంకు మీదా సంవత్సరం ఉండబట్టే కదా ఆ లెక్క కుదిరింది. గుడ్లు సేకరించే వ్యసనం ఉన్న పెద్దమనుషుల్ని నేను మెచ్చుకోను గానీ, వాళ్ళు తారీఖు రాసిపెట్టినందుకు దండం పెడతాను.

చీటీల సంగతి వస్తే మన వైజాగ్ కథ చెప్పకుండా ఉండలేను. ఇది బళ్ళో ఎవరూ చెప్పలేదు నాకు. 1780లలో పాట్రిక్ రస్సెల్ అనే డాక్టరు విశాఖలో ఉండేవాడు. తమ్ముడికి ఈస్టిండియా కంపెనీ ఇక్కడ ఉద్యోగం ఇస్తే వెంట వచ్చాడు. తర్వాత కంపెనీ అతన్నే ప్రకృతి శాస్త్రవేత్తగా పెట్టుకుంది. పాములు తెప్పించుకుని పరిశీలించి 1796లో, ఇక్కడ దొరికిన రెండు వందల చేపల గురించి 1803లో బొమ్మలతో ప్రచురించాడు. రక్తపింజరికి ఇంగ్లీషులో ఇప్పటికీ అతని పేరే. అతను చేసిన మంచి పనేంటంటే, ఇక్కడివాళ్ళు ఏ పేరుతో పిలుస్తారో అడిగి అదే రాసుకున్నాడు. రక్తపింజరికి అతను రాసుకున్న పేరు 'కాటుక రేకుల పొడ'. ఆ పాము వీపు మీది మచ్చల అంచు చూసినవాళ్ళకి కాటుక ఏంటో చెప్పక్కర్లేదు.

పసుపు, నలుపు పట్టీలుండే పాముని ఇక్కడివాళ్ళు బంగారు పాము అన్నారు. రస్సెల్ అదే రాశాడు. తర్వాత లాటిన్ పేర్లు పెట్టేవాళ్ళు దాన్ని 'బంగారస్' చేశారు. ఇప్పుడు కట్లపాముతో సహా ఆ ప్రజాతిలోని పాములన్నిటికీ, అవి చైనాలో దొరికినా సరే, ఇంటిపేరు మన బంగారమే. చేపల్లో వాలుగ 'వాలాగో' అయింది. తోలుపార చివర్లో 'పార' పోయి 'టోల్' అని మిగిలింది. వెదురు పొదల్లో తిరిగే ఆకుపచ్చ పింజరికి 1802లో శాస్త్రీయ నామం పెట్టినప్పుడు దొరికిన చోటుగా విశాఖపట్నమే రాశారు. ప్రపంచంలో ఏ మ్యూజియంలో ఆ జాతి గురించి వాదన వచ్చినా తిరిగి మన ఊరి పేరు దగ్గరికి రావాల్సిందే.

ఇది తెలిశాక పిల్లాణ్ణి ఫిషింగ్ హార్బర్‌కి తీసుకెళ్ళాను, పొద్దున్నే. చేపలమ్మే ఆవిడ గంపలో ఒక చేప చూపించి "ఇదేటమ్మా?" అన్నాను. "తోలుపార బాబూ, తోలు తీసీసి వండుకోవాల" అంది, కత్తి పీటకేసి చూపిస్తూ. ఆవిడ మాట, రస్సెల్ రాత మధ్య రెండు వందల ఏళ్ళకి పైనే. మావాడికి మాత్రం చేప నోరు తెరిచి పళ్ళు చూడటమే బాగా నచ్చింది.

మ్యూజియాలు కుటుంబాల కోసం ఏం చేస్తాయన్నది ఇప్పుడు చూద్దాం. ఈ ప్రాంతీయ మ్యూజియాల్లో పిల్లలు పట్టుకుని చూసే గదులు, వేసవి సెలవుల్లో శిబిరాలు, టీచర్లకి వర్క్‌షాపులు ఉంటాయి. మే 18 మ్యూజియం దినం, మే 22 జీవవైవిధ్య దినం, జూన్ 5 పర్యావరణ దినం, అక్టోబర్ మొదటి వారం వన్యప్రాణి వారోత్సవం, ఈ రోజుల్లో సందడి ఎక్కువ. నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెప్పాలంటే, 'భూమిని కాపాడుదాం' అని డ్రాయింగ్ పోటీలు పెట్టడం వల్ల పిల్లలకి ఒరిగేదేం లేదు. అన్ని బొమ్మల్లోనూ అదే గుండ్రటి భూమి, దానికి అవే రెండు చేతులు. పుర్రె ఒకటి చేతికిచ్చి "పళ్ళు చూసి ఇది గడ్డి తినేదో మాంసం తినేదో చెప్పు" అనడం అంతకన్నా వెయ్యి రెట్లు నయం. సెలవుల శిబిరం ఉందేమో ముందే ఫోన్ చేసి కనుక్కుని, ఆ తేదీలకి రైలు బుక్ చేసుకోండి. లోపలికి వెళ్ళాక అంతా చూడాలన్న ఆశ వదిలేసి, ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో వస్తువు ఎంచుకుని దాని ముందు పావుగంట కూర్చుని బొమ్మ వేస్తే చాలు. ఫోన్‌లో ఫొటో తీస్తే చూడటం ఆగిపోతుంది. గీస్తే కాలికి ఎన్ని వేళ్ళో లెక్కపెట్టక తప్పదు.

భువనేశ్వర్ వెళ్ళే తీరిక ఏడాదికోసారే దొరుకుతుంది. మిగతా వారాంతాలకి మన తీరమే ఉంది, చీటీలు మాత్రం మనం రాసుకోవాలి. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు సినిమా పాటల కోసమే అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయి. అది మట్టి కాదు, ఇసుక. సుమారు ఇరవై వేల ఏళ్ళ కిందట, మంచుయుగం ముదిరినప్పుడు సముద్రం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కిందికి దిగిపోయింది. నీళ్ళు తప్పుకున్న ఇసుకని అలాంటి కాలాల్లో గాలి ఎగరేసి పోగేసింది. తర్వాత ఇసుక రేణువులకి ఇనుము తుప్పు పట్టి ఎర్రబడింది. ఇంట్లో గేటుకి పట్టే తుప్పే, పెద్ద ఎత్తున. వాన నీళ్ళు కోసిన లోయల్లో నిలబడి ఈ మాట చెబితే పిల్లలు వింటారు. అక్కడి నుంచి పిడికెడు ఇసుక కూడా తేకూడదు, అది వేరే సంగతి.

తెచ్చుకోవాలనుంటే బీచ్ మీద అయస్కాంతంతో ఆడుకోండి. భీమిలి వైపు తడి ఇసుకలో నల్లటి చారలు కనిపిస్తాయి. ఫ్రిజ్ అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి వాటి మీద తిప్పితే నల్ల రేణువులు మీసాల్లా లేచి అంటుకుంటాయి. కవర్ తీయకుండా చేశారంటే అయస్కాంతం శుభ్రంగా ఉంటుంది (నేను తీసి చేశాను, ఇప్పటికీ మా ఫ్రిజ్ తలుపు గరగరలాడుతోంది). గులాబీ రంగు చారలు గార్నెట్ అనే ఖనిజం. కైలాసగిరి రాయి ఖొండలైట్‌లోనూ గార్నెట్ ఉంటుంది. తూర్పు కనుమలు అరిగి అరిగి మన కాళ్ళ కిందికి చేరాయన్నమాట.

మంగమారిపేట, జోడుగుళ్ళపాలెం రాళ్ళ దగ్గర అమావాస్యకో పౌర్ణమికో ఒకటి రెండు రోజుల తర్వాత నీళ్ళు బాగా వెనక్కి తగ్గిన వేళ చూసి వెళ్తే, రాతి గుంటల్లో సముద్రం కాస్త కాస్త మిగిలి ఉంటుంది. పువ్వులా విచ్చుకుని వేలు దగ్గరికి రాగానే ముడుచుకునే జీవులు, రాయికి అతుక్కున్న గవ్వలు, అడ్డంగా పరుగెత్తే పీతలు. ఏ రాయీ తిరగెయ్యకూడదు, తిరగేస్తే మళ్ళీ ఎలా ఉందో అలా పెట్టాలి. ఫిబ్రవరి నుంచి అటవీ శాఖ హేచరీల్లో తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదులుతారు. ఆలివ్ రిడ్లీ గూడులో వంద దాకా గుడ్లు, ఆడో మగో తేల్చేది ఇసుక వేడి. ఇసుక వేడెక్కితే ఆడవి ఎక్కువ. ఆ వేడి మ్యూజియం అద్దం వెనక ఎలా చూపిస్తారు చెప్పండి. ఇసుకలో కాళ్ళు పెట్టి చూడాల్సిందే.

ఇంటికి ఏం తెచ్చుకోవచ్చన్న దానికి చట్టం ఒకటుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చనిపోయి దొరికిన అడవి జంతువు ప్రభుత్వ ఆస్తి. కొన్ని శంఖాలు, గవ్వలు కూడా రక్షిత జాబితాలో ఉన్నాయి. బీచ్ దగ్గర దుకాణంలో అమ్ముతున్నారు కదా అని కొనకండి. ఒడ్డుకి కొట్టుకొచ్చినవాటిలోనూ ఏదో తెలీకపోతే ఫొటో తీసుకుని అక్కడే వదిలెయ్యడం మేలు.

మొన్న ఆదివారం జోడుగుళ్ళపాలెంలో మావాడు ఒక తెల్లటి ముక్క ఏరుకొచ్చాడు. అరచేయంత, కోలగా, తేలిగ్గా. "థర్మాకోల్ మావయ్యా, ఎవరో పడేశారు" అన్నాడు కోపంగా. గోరుతో గీకి చూడమన్నాను. పొడి రాలింది. అంచు విరిస్తే లోపల పల్చటి పొరలు, పొరల మధ్య సన్నటి గదులు. అది సముద్రపు నురుగు, అంటే కటిల్ ఫిష్ (ఆక్టోపస్‌కి చుట్టం) లోపలి పెంకు. ఆ గదుల్లో గాలీ నీళ్ళూ సరిచూసుకుంటూ ఆ జీవి పైకీ కిందికీ తేలుతుంది, మన సబ్‌మెరైన్‌లాగే. వాడు దాన్ని పదిసార్లు తిప్పి చూశాడు.

ఇంటికొచ్చాక పాత పెళ్ళికార్డు అట్ట ముక్క మీద చీటీ రాశాడు. సముద్రపు నురుగు. జోడుగుళ్ళపాలెం బీచ్. తారీఖు. ఏరినవారు అన్న చోట 'నేను' అని రాశాడు. వందేళ్ళ తర్వాత చదివేవాడికి నేనంటే ఎవరో ఎలా తెలుస్తుందిరా అంటే, నాలుక కరుచుకుని కొట్టేసి పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా రాశాడు. కింద కాస్త ఖాళీ మిగిలింది. అక్కడ ఇంకో మాట చేర్చాడు, రెండుసార్లు గీత గీసి మరీ: 'నిజమైనదే.'